వట్టి చేతులవాళ్ళు లేని చర్చి

విజయవాడ నుంచి వరంగల్ వైపు రైల్లో వెళ్ళేవాళ్ళకి డోర్నకల్ జంక్షన్ తెలిసే ఉంటుంది. ఇల్లందు బొగ్గు కోసం వేసిన లైను అక్కడే చీలుతుంది. బండి ఆగితే టీ తాగుతాం, లేకపోతే నిద్రపోతాం, మనలో చాలామందికి ఆ ఊరితో అంతకు మించి పనుండదు. కానీ నూరేళ్ళ కిందట అక్కడ ఒక పెద్ద ప్రయోగం జరిగింది. నేను క్రైస్తవుణ్ణి కాను, భక్తి గురించి రాయడం నా వల్ల కాదు. నన్ను ఆకట్టుకున్నది అందులో ఉన్న మనుషుల లెక్క.

క్రైస్తవుల పుస్తకాల్లో "కృపావరం" అని ఒక మాట ఉంది. కొరింథులో ఉన్న సంఘానికి పౌలు రాసిన ఉత్తరంలో దీని గురించి పెద్ద చర్చే ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో వరం ఉంటుంది, అది ఆ మనిషి సొంతానికి కాదు, అందరికీ పనికిరావడానికి. శరీరంలో కన్నూ చెయ్యీ ఒకదాన్నొకటి అక్కర్లేదనలేవు. ఇదీ సారాంశం. వినడానికి మన అప్రైజల్ ఫారంలో "స్ట్రెంగ్త్స్" కాలమ్‌లాగే బావుంటుంది. ఫారం నింపడం వేరు, పని అప్పజెప్పడం వేరు అని మనకి తెలియంది కాదు.

మిషన్ల కాలంలోనూ అంతే. డబ్బు, బడి, మందులు, నిర్ణయాలు అన్నీ తెల్లదొరల నుంచి వచ్చేవి. పుచ్చుకోవడం ఒక్కటే ఇక్కడివాళ్ళ వంతు. తెలుగు పల్లెల్లో చర్చిలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కులాలవాళ్ళు. చదువు లేదు, భూమి లేదు, ఊరి బావి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. మీకూ ఒక వరం ఉంది, అది మాకు కావాలి అని వాళ్ళతో అన్నవాళ్ళు అంతకు ముందు ఎవరున్నారు?

ఇక్కడికి 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య వచ్చాడు. 1874లో తిరునెల్వేలి జిల్లాలో, ఒక పల్లెటూరి పాదిరీ ఇంట్లో పుట్టిన తమిళుడు. వయసు ముప్ఫై అయిదు, తెలుగు కొత్తగా నేర్చుకోవాలి. వైఎంసీఏలో పేరున్న ఉద్యోగం వదులుకొని నిజాం రాజ్యంలోని ఈ మారుమూలకి వచ్చాడు. పంపింది ఏ లండన్ సంస్థో కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులే, ఆయన కూడా ఉండి, పెట్టుకున్న మిషనరీ సంఘం. అంటే మొదటి అడుగు తమిళ పల్లెజనం చందాలతో పడింది.

మరుసటేడు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ లేచి ఆయన మాట్లాడింది చాలామందికి మింగుడు పడలేదు. మీ త్యాగం కాదనను, మీరిచ్చినవన్నీ ఒప్పుకుంటాను, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నాడు. దొర ఇస్తూ ఉంటే దేశీయుడు పుచ్చుకుంటూ ఉండే చోట స్నేహం పుట్టదని ఆయన బాధ. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ మాటకున్న పదును ఇవాళ చదివినా తగ్గలేదు.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని డోర్నకల్ బిషప్పుని చేశారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. మన జనం ఆ "మొదటి" దగ్గరే ఆగిపోతుంటారు. బిషప్ అయ్యాక చేసింది అంతకంటే పెద్ద పని అని నాకనిపిస్తుంది.

బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళూ తమ చెయ్యి తమ నెత్తిన పెట్టుకొని, ఈ సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చే మాట అనాలి. పౌలు తన గురించి అన్నమాటే అది. ఇక్కడ దాన్ని అక్షరం ముక్క రాని కూలీ చేత, నాట్లు వేసే ఆడమనిషి చేత అనిపించారు. ఏడాదికోసారి "సాక్ష్యపు వారం" అని పెట్టి ఊరూరా సంఘస్తులే పక్క పల్లెలకి వెళ్ళేవాళ్ళు. మాట రానివాడికి పాట వచ్చు. డబ్బు లేనివాళ్ళు బియ్యమో కోడో తెచ్చి ఇస్తారు. మన భాషలో చెప్పాలంటే, ఆ సంఘంలో బెంచ్ మీద ఎవరూ లేరు :)

ఈ ఇవ్వడం గురించి బిషప్పుగారికి పట్టింపు ఎక్కువ. దాని మీద ఒక పుస్తకమే రాశాడు. పేదవాళ్ళ దగ్గర ఏం అడుగుతాం పాపం అని జాలిపడి వదిలెయ్యడం ఆయనకి నచ్చదు. నాకూ ముందు ఇది కఠినంగానే అనిపించింది. తిండికి లేనివాడి దగ్గర చందా ఏమిటి? కానీ ఆ జాలిలో, నీ దగ్గర ఏమీ లేదులే అనే మాట కూడా ఉంది. ఊరు వాళ్ళతో తరతరాలుగా అన్నది అదేగా.

పాదిరీల చదువులోనూ ఇదే పద్ధతి. ఇంగ్లీషు రాకపోయినా తెలుగులో చదివి గురువులైన పల్లె పంతుళ్ళు ఉన్నారు. వాళ్ళతోపాటు భార్యలకీ చదువు చెప్పేవారు, ఆ పని ఎక్కువగా చూసింది బిషప్పుగారి భార్య అన్బు మరియమ్మాళ్. 1924లో ఆ డయాసిస్‌లో ఇంగ్లీషు గురువులు 8 మంది, భారతీయులు 53 మంది. 1935 నాటికి భారతీయ గురువులు 250 మంది, పంతుళ్ళు, వైద్య సహాయకులు, ప్రచారకులు కలిపి రెండు వేలు దాటారు. ఇంత స్కేలు ఒక్క బిషప్పు ప్రతిభ వల్ల రాదు.

అదే సమయంలో బయట వేరే వాదం నడుస్తోంది. 1935లో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించాక మతమార్పిడుల గొడవ ముదిరింది. మతాల మంచిచెడ్డలు బేరీజు వేసుకునే శక్తి హరిజనులకి లేదన్న అర్థం వచ్చేలా గాంధీ 1936లో జాన్ మాట్ అనే అమెరికన్ క్రైస్తవ నాయకుడితో అన్నారు. మార్పిడుల మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఈ ఒక్క విషయంలో నేను బిషప్పు పక్షమే. పక్క ఊరికి నడిచివెళ్ళి తన కథ తాను చెప్పుకున్న మాదిగ మనిషి కన్నా పెద్ద జవాబు ఇంకేం కావాలి?

అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. ఒకే బల్ల దగ్గర మాలా మాదిగా కలిసి రొట్టె తీసుకోవాలని ఆయన పట్టుబట్టాడు. బల్ల దగ్గర కలిసినవాళ్ళు పెళ్ళిళ్ళ దగ్గర, సంఘంలో పెత్తనం దగ్గర విడిపోయారు. ఆ గీత మన తరం దాకా చెరగలేదు. అందరి వరాలూ కావాలన్న ఆ చర్చిలో చివరిమాట మాత్రం బిషప్పుదే అన్నదీ నిజమే. మొదట్లో అది తప్పదేమో. తప్పదు అనుకున్నవి అలవాటైపోతాయి కూడా.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథెడ్రల్‌కి ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మినార్లు మసీదుని, స్తంభాలు మన గుళ్ళనీ గుర్తుచేస్తాయి. ఇంగ్లాండు నమూనా తెచ్చి ఇక్కడ దింపడం ఇష్టం లేక అలా కట్టారు. ఆయన 1945 జనవరి 1న అదే ఊళ్ళో పోయాడు. ఇంగ్లాండులో పుట్టిన తగాదాలు మనకెందుకని 1919లో తరంగంబాడిలో కూర్చున్న 33 మందిలో, ఇద్దరు తప్ప అందరూ భారతీయులే, అజరయ్య ఒక పెద్ద. ఆ మాటల ఫలితంగా వేర్వేరు శాఖలు కలిసి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. డోర్నకల్ ఇప్పుడు అందులో ఒక డయాసిస్.