పదివేల సార్లు ఎగిరిన నాణెం

1940 ఏప్రిల్‌లో జాన్ కెరిచ్ అనే లెక్కల మాస్టారు అత్తవారింటికి వెళ్లాడు. ఆయన పాఠాలు చెప్పేది దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో, అత్తవారిదేమో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్. అల్లుడి మర్యాదలు పూర్తికాకుండానే ఏప్రిల్ 9న జర్మన్ సేనలు దేశంలోకి దిగాయి. బ్రిటిష్ పౌరుడు కనక కెరిచ్‌ని పట్టుకెళ్లి జట్లాండ్‌లో హాల్డ్ అనే చోట నిర్బంధ శిబిరంలో పెట్టారు. శిబిరాన్ని నడిపింది డెన్మార్క్ వాళ్లే కాబట్టి నయం, బాగానే చూసుకున్నారు. పొద్దు గడవడమే కష్టం.

అక్కడే ఎరిక్ క్రిస్టెన్సెన్ అనే తోటి ఖైదీ తోడు దొరికాడు. ఇద్దరూ కూర్చుని నాణెం ఎగరేయడం మొదలుపెట్టారు. బల్ల మీద గుడ్డ పరిచి, నాణేన్ని వేలి మీద నిలిపి పైకి చిమ్మడం, గుడ్డ మీద పడ్డాక బొమ్మో బొరుసో రాసుకోవడం. పది సార్లు కాదు, వంద సార్లు కాదు, 10,000 సార్లు. పిల్లలు చేస్తే ‘పనీపాటా లేదా’ అని కసురుతాం. ఈయన దాన్నే పుస్తకంగా రాసి 1946లో కోపెన్‌హాగన్‌లోనే అచ్చు వేయించాడు.

బొమ్మా బొరుసుల్లో ఏది పడ్డానికైనా సగం సగం అవకాశమని తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. నాణేన్ని ముట్టుకోకుండా, ఉన్నవి రెండే ముఖాలు, రెండూ సమానం అన్న ఊహతో కట్టిన లెక్క అది. సైద్ధాంతిక సంభావ్యత అంటారు. నిజంగా ఎగరేసి, పడ్డ బొమ్మల్ని మొత్తం ఎగరేతలతో భాగిస్తే వచ్చేది ప్రాయోగిక సంభావ్యత. ఈ రెండూ ఒకటేనా అన్నది కెరిచ్ కాలక్షేపం వెనకున్న ప్రశ్న.

మొదటి పదింట్లో పడ్డ బొమ్మలు 4. వందకి 44. వెయ్యికి 502. పదివేలు పూర్తయ్యేసరికి 5,067. నూటికి 40 దగ్గర మొదలైన అంకె 44, 50.2 మీదుగా 50.67 దగ్గర ఆగింది. పాఠ్యపుస్తకాలు ఇక్కడ సంతృప్తిగా ఊపిరి పీల్చుకుని తర్వాతి అధ్యాయానికి వెళ్లిపోతాయి. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

ఇవే అంకెల్ని నూటికింత అని కాకుండా విడిగా చూడండి. వంద దగ్గర బొమ్మలు సగం కన్నా 6 తక్కువ. వెయ్యి దగ్గర 2 ఎక్కువ. పదివేల దగ్గర 67 ఎక్కువ. నలభై దగ్గర మొదలైన నిష్పత్తి మొత్తం మీద సగానికి దగ్గరైంది, లెక్కలో తేడా మాత్రం పెరిగింది. వరసగా అయిదు బొమ్మలు పడితే ‘ఇక బొరుసు పడి తీరాలి’ అని పందెం కాసేవాడు బోల్తా పడేది ఇక్కడే. నాణెం ఎవరికీ బాకీ పడలేదు, తీర్చాలన్న తొందరా దానికి లేదు. ఊరి చెరువులో చెంబెడు ఉప్పునీళ్లు పోస్తే ఉప్పెక్కడికీ పోదు, మన నాలుకకు తెలియదంతే. ఆ 67 కూడా పదివేలల్లో అలా కలిసిపోయింది.

ఎగరేసిన కొద్దీ నిష్పత్తి అసలు విలువకు చేరువవుతుందన్న సంగతిని మొదట గట్టిగా నిరూపించింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరవాసి యాకబ్ బెర్నూలీ. ఆయన 1705లో పోయాడు, పుస్తకాన్ని తమ్ముడి కొడుకు నికొలస్ 1713లో వెలువరించాడు. కుండలో తెల్ల గులకరాళ్లు మూడు వేలు, నల్లవి రెండు వేలు ఉన్నాయనుకుని, తీస్తూ మళ్లీ వేస్తూ పోతే అసలు నిష్పత్తికి యాభయ్యో వంతు తేడాలోపు చేరడానికి, చేరకపోవడం కన్నా వెయ్యి రెట్లు ఎక్కువ అవకాశం ఉందని భరోసా ఇవ్వాలంటే ఎన్నిసార్లు తీయాలి? ఆయన లెక్కకు వచ్చిన జవాబు 25,550. తరగతి గదిలో ఇరవైసార్లు ఎగరేసి సగం రాలేదని బుంగమూతి పెట్టే పిల్లలకు ఈ అంకె చెప్పాలి.

ఫ్రాన్స్‌లో బ్యుఫాన్ దొరగారు 4,040 సార్లు ఎగరేస్తే 2,048 బొమ్మలు పడ్డాయని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆయన ఎగరేయించింది ఒక చిన్నపిల్లాడి చేత. ఆడించిన ఆట వేరు. బొమ్మ పడేదాకా ఎగరేస్తూ ఉండాలి, పడగానే ఆ ఆట అయిపోయినట్టు. అలాంటి ఆటలు 2,048. ఆటకొక్క బొమ్మ కనక బొమ్మల సంఖ్య ముందే ఖాయం. అదృష్టం నిర్ణయించింది 4,040నే. పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటూ పోతే ఇలాగే ఉంటుంది.

ఇంతవరకూ రెండు ముఖాలూ సమానమన్న ఊహ చెల్లింది. చెల్లకపోతే? మా చిన్నప్పుడు బిళ్లంగోడుకీ, క్రికెట్టుకీ జట్లు కట్టడానికి రూపాయి ఎవరి దగ్గర ఉండేది? చిల్లపెంకు ఒకటి ఏరి, ఒక పక్క ఉమ్మి రాసి, ‘తడా, పొడా’ అని ఎగరేసేవాళ్లం. పెంకుకి ఒక పక్క గుంట, ఒక పక్క ఉబ్బు. సగం సగమని ఎవరూ పూచీ పడలేరు. కెరిచ్ కూడా ఇలాంటి పెంకునే తయారు చేశాడు. కొయ్య బిళ్లకు ఒక పక్క సీసం పూసి వెయ్యిసార్లు వేస్తే ఒక ముఖం 679 సార్లు పైకి వచ్చింది. ఆ 679ని ఏ సిద్ధాంతమూ ముందుగా చెప్పదు, వేసి చూడాల్సిందే.

అష్టాచెమ్మా గవ్వలదీ అదే సంగతి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వ నాణెంలాంటిదే అయితే రెండింటికీ పదహారింట ఒక వంతు. కానీ వీపు ఉబ్బుగా, నోరు చదునుగా ఉన్న గవ్వ అలా ఎందుకు పడుతుంది? మాటవరసకు పదింటికి ఆరుసార్లు వెల్లకిలా పడే గవ్వలే అనుకోండి. చెమ్మ నూటికి దాదాపు 13 సార్లు, అష్ట రెండున్నర సార్లు. గవ్వలో కొద్దిపాటి వాలు, పందెంలో అయిదింతల తేడా. మధ్యాహ్నమంతా అరుగు మీద ఆడే అమ్మమ్మలకు ఏ గవ్వలు ఎలా పడతాయో తెలుసు. వాళ్లది ప్రాయోగిక సంభావ్యత.

పాచికలు గవ్వల్లా కాదు, చక్కగా చెక్కినవి కదా అంటారేమో. ఇంగ్లండ్‌లో వెల్డన్ అనే జీవశాస్త్రవేత్త 12 పాచికల్ని 26,306 సార్లు విసిరి, ఎన్ని అయిదులూ ఆర్లూ పడ్డాయో లెక్కపెట్టి 1894లో తోటి శాస్త్రవేత్త గాల్టన్‌కు ఉత్తరం రాశాడు. సిద్ధాంతం ప్రకారం 1,05,224 రావాలి. వచ్చినవి 1,06,602. నూటికి చూస్తే అణుమాత్రం, కానీ ఇన్ని విసుర్ల మీద అంత ఎక్కువ రావడం యాదృచ్ఛికం కాదు. చుక్కల కోసం తొలిచిన గుంటలు ఆరు ముఖం మీద ఎక్కువ, ఆ పక్క తేలిక, అందుకే పైకి లేస్తుందని వివరణ. ‘ఎంత తేడా వస్తే అనుమానించాలి’ అన్న ప్రశ్నకు గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1900లో కై-వర్గ పరీక్షను తయారుచేసి, ఈ పాచికల మీదే ప్రయోగించి చూపాడు.

నాణెం కూడా పూర్తి సుద్దపూస కాదని ఈమధ్యే తేలింది. ఎగరేసేముందు ఏ ముఖం పైన ఉందో అదే మళ్లీ పైకి పడే అవకాశం నూటికి 51 అని గణిత శాస్త్రవేత్త పెర్సీ డయాకోనిస్ బృందం 2007లో లెక్క కట్టింది. 2023లో 48 మంది కలిసి 3,50,757 సార్లు ఎగరేసి చూస్తే 50.8 వచ్చింది.

చివరగా మా బడి సంగతి. ఇంట్లో రూపాయి బిళ్ల 50 సార్లు ఎగరేసి రికార్డులో రాసుకురమ్మన్నారు. ఎవరు ఎగరేశారు! రాత్రి లాంతరు ముందు కూర్చుని బొమ్మ, బొరుసు, బొరుసు, బొమ్మ అని నింపేశాం. ఇలాంటి దొంగల్ని పట్టే ఉపాయం హంగరీలో గణిత బోధకుడు టమాస్ వార్గా తరగతి గదుల్లో చూపించేవాడు. సగం మంది నిజంగా 200 సార్లు ఎగరేయాలి, సగం మంది ఊహించి రాయాలి. ఏ కాగితం ఏ సగం వాళ్లదో ఆయన చూసి చాలావరకు సరిగ్గా చెప్పేసేవాడు. నిజంగా 200 సార్లు వేస్తే ఎక్కడో ఒకచోట ఒకే ముఖం వరసగా ఆరుసార్లయినా పడే అవకాశం నూటికి 96కు పైనే. ఊహించి రాసేవాడికి నాలుగు బొమ్మలు వరసగా రాయగానే చెయ్యి వణుకుతుంది, బొరుసు రాసేస్తాడు.

యాభైకి సరిగ్గా 25–25 రావడానికి అవకాశం నూటికి 11. మా తరగతిలో నలభై మందిమి, అంటే నాలుగైదు పుస్తకాల్లో రావాలి. దాదాపు అందరి పుస్తకాల్లోనూ 25–25 ఉంది. మాస్టారు అన్నింటికీ ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, చాలా బాగా చేశారని మెచ్చుకున్నారు. నేను మాత్రం 26–24 అని రాశాను, అనుమానం రాకూడదని.