బొప్పాస పాలు, కుందేలు చెవులు

కపిలేశ్వరపురంలో మా చిన్నతాతయ్య కుడి చెవి మొదటిసారి ఎర్రగా ఉబ్బినప్పుడు పురుగు కుట్టిందన్నారు. పది రోజుల్లో తగ్గింది. తర్వాత ఎడమ చెవి. యాంటీబయాటిక్స్ వాడారు, దిష్టి కూడా తీశారు. మూడేళ్ళకి ఒక డాక్టరు గారు ఒకటే గమనించారు: చెవంతా మండిపోతోంది, కింద తమ్మె మాత్రం మామూలుగా ఉంది. తమ్మెలో కార్టిలేజ్ ఉండదు. అంటే జబ్బు చర్మానిది కాదు, కార్టిలేజ్‌ది. పేరు రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్. ఒంట్లోని రక్షణ వ్యవస్థే చెవి, ముక్కు, శ్వాసనాళాల్లోని మృదులాస్థి మీద పడుతుంది.

దీన్ని మొదట రాసిపెట్టింది 1923లో, ప్రాగ్ నగరంలో, యాక్ష్-వార్టెన్‌హార్స్ట్ అనే వైద్యుడు. రోగి 32 ఏళ్ళ బీరు తయారీ పనివాడు. ఇప్పుడున్న పేరు 1960లో పియర్సన్ బృందం పెట్టింది. 1976లో మెక్ఆడమ్ బృందం ఆరు లక్షణాలు చెప్పి, మూడు కనపడితే ఈ జబ్బే అంది. ఇవన్నీ గుర్తుపట్టే పద్ధతులే. కారణం సంగతి వేరే.

నన్ను పట్టేసింది మాత్రం కుందేళ్ళ కథ. ముదురు మాంసం ఉడకడానికి మనవాళ్ళు పచ్చి బొప్పాసకాయ ముక్క వేస్తారు కదా, ఆ పాలల్లో పనిచేసేది పపైన్ అనే ఎంజైమ్. అమెరికాలో లూయిస్ థామస్ దాన్ని కుందేళ్ళ రక్తనాళంలోకి ఎక్కించి చూశాడు. గంటల్లో వాటి నిటారు చెవులు వాడిన తమలపాకుల్లా వేలాడిపోయాయి, కొన్ని రోజులకి మళ్ళీ లేచాయి. చెవి ముక్కని సూక్ష్మదర్శినిలో చూస్తే ఆయనకేమీ తేడా కనపడలేదు. కార్టిలేజ్ అంటే మార్పులేని, నిస్తేజమైన పదార్థమని అప్పట్లో అందరి నమ్మకం. వదిలేశాడు. ఏళ్ళ తర్వాత విద్యార్థులకి పాఠం చెప్తూ, పపైన్ ఎక్కించిన చెవినీ మామూలు చెవినీ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది: కణాలు ఉన్నాయి, వాటి చుట్టూ ఉండాల్సిన మాత్రిక చాలావరకు కరిగిపోయింది. 1956లో అచ్చయింది. (కోడ్‌లో తప్పు దొరక్కపోతే మేం చేసేదీ ఇదే, పాత వెర్షన్ పక్కన పెట్టి చూడటం. నాకిది కాస్త గర్వంగా అనిపించిందని ఒప్పుకుంటాను.) ఆరన్ కెల్నర్ అనే ఇంకో శాస్త్రవేత్తకీ ఇవే చెవులు కనపడ్డాయి. ఆయన ధ్యాసంతా గుండె కండరం మీద ఉంది, పట్టించుకోలేదు. ఈ ఇద్దరి కథ మీద 1958లో బార్బర్, ఫాక్స్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఒక వ్యాసమే రాశారు. థామస్ చేసింది ఈ జబ్బు మీద పరిశోధన కాదు, నిజమే. కానీ మృదులాస్థి చలనమున్న పదార్థమని కంటికి కట్టేలా చూపించింది ఆ చెవులే అని నా అభిప్రాయం.

2020లో కథ ఇంకో మలుపు తిరిగింది. ఈసారి లక్షణాల నుంచి కాకుండా జన్యువుల నుంచి వెతుక్కుంటూ వచ్చారు. యూబీఏ1 అనే జన్యువులో, పుట్టుకతో కాక వయసు మీద పడ్డాక, మజ్జ కణాల్లో వచ్చే మార్పు 25 మంది మగవాళ్ళలో దొరికింది. వాళ్ళల్లో చాలామందికి ఈ కార్టిలేజ్ జబ్బు ఉంది. వెక్సాస్ అని పేరు పెట్టారు. ఒకే పేరు కింద ఇన్నాళ్ళూ ఒకటి కంటే ఎక్కువ జబ్బులు నడిచాయన్నమాట.

మా తాతయ్య మందుల డబ్బాలో వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ ఉంది. దాని దుష్ఫలితాలు తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్ ఉంది. రెండూ లెడర్లీలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగం నుంచి వచ్చినవే. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిన చోటే దాన్ని అడ్డుకునే మందునీ తయారుచేశారు. అప్పట్లో ఆ మందు లుకేమియా కోసం. 1948లో ఆయన పోయేనాటికి కీళ్ళవాతానికి ఇది పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఈ సంగతి చెప్తే తాతయ్య గొంతు బొంగురుగా, "భీమవరపాయనేంట్రా!" అన్నాడు. శ్వాసనాళం జోలికి జబ్బు వెళ్ళిందేమోనని మాకున్న భయమంతా ఆ బొంగురులోనే ఉంది. హరికథ పాఠశాల ఉన్న ఊళ్ళో గొంతు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కాసేపాగి, "కుందేళ్ళ చెవులు లేచాయన్నావు, మరి నాదో?" అని అడిగాడు. కుందేలు చెవిలో కణాలు బతికే ఉన్నాయి తాతయ్యా, అవి మళ్ళీ మాత్రిక పోసుకున్నాయి, నీ చెవిలో ఆ చోట మచ్చ కట్టేసింది అన్నాను. ముడుచుకుపోయిన చెవిని ఓసారి తడుముకుని, టీవీ సౌండు పెంచమన్నాడు.