తల్లిపలక కథ: 1998 నాటి ఒక చౌక బేరం

మదర్‌బోర్డును తెలుగులో ఏమనాలా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. 'మాతృఫలకం' అంటే పంచాంగంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. ఒకసారి 'తల్లిపలక' అని రాస్తే ఒక మిత్రుడు "మరి పిల్లపలకలు ఎక్కడండీ?" అని అడిగారు. ఉన్నాయి, డాటర్‌బోర్డులని. ఏమైతేనేం, శీర్షికలో ముచ్చట తీర్చుకున్నాను కనుక ఇక్కడినుంచి బోర్డు అనే అంటాను.

మొన్న మా అన్నయ్య కొడుకు ఫోను చేసి, "బాబాయ్, ఆటలకి కంప్యూటరు కట్టుకుంటున్నాను. బోర్డు మంచిది కావాలి, ధర మాత్రం ఎక్కువ ఉండకూడదు. ఏది కొనమంటావు?" అన్నాడు. మేలిరకమూ కావాలి, చౌకగానూ రావాలి! ఈ కోరిక అంగడివాడికి నవ్వు తెప్పిస్తుంది. అయితే ఆ కోరిక నిజంగానే తీరిన కాలం ఒకటి ఉంది. ఆ సంగతి చెప్పకుండా వాడికి జవాబు చెప్పలేకపోయాను. వాడికి చెప్పినది ఇక్కడ కాస్త విస్తరించి రాస్తున్నాను.

1998 ఏప్రిల్‌లో ఇంటెల్ 440బిఎక్స్ అనే చిప్‌సెట్‌ను విడుదల చేసింది. ప్రాసెసరుకూ జ్ఞాపకశక్తికీ మధ్య రాకపోకలు నడిపే రహదారి అప్పటిదాకా 66 మెగాహెర్ట్జ్ వేగంతో ఉండేది. బిఎక్స్ దానిని 100కు పెంచింది. అదే నెలలో సెలెరాన్ అనే చౌక ప్రాసెసరు కూడా వచ్చింది. ధర తగ్గించడానికి దానిలో రెండో అంచె కాష్ మొత్తం తీసేశారు. చాలామంది పెదవి విరిచారు. ఆ విమర్శ ఊరికే పోలేదు. ఆగస్టు 24న సెలెరాన్ 300ఎ వచ్చింది. ఈసారి 128 కిలోబైట్ల కాష్‌ను ప్రాసెసరు చిప్పులోనే పొదిగారు. అదే రోజున పెంటియం 2 శ్రేణిలో 450 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు కూడా విడుదలైంది. టోకున కొనేవారికి మొదటిదాని ధర 149 డాలర్లు, రెండోదానిది 669 డాలర్లు.

ఇక్కడే ఉంది కిటుకు. పెంటియం 2లో కాష్ 512 కిలోబైట్లే కానీ, అది విడి చిప్పుల్లో ఉండి ప్రాసెసరు వేగంలో సగంతోనే నడిచేది. సెలెరాన్‌లో కాష్ చిన్నదైనా పూర్తి వేగంతో నడిచేది. పైగా రెండూ 0.25 మైక్రాన్ పద్ధతిలో తయారైనవే. సెలెరాన్ గుణకం 4.5 దగ్గర బిగించి ఉంది, మార్చడానికి వీల్లేదు. 66ను 4.5తో హెచ్చిస్తే 300. రహదారిని 100కు పెంచితే? సరిగ్గా 450. కంపెనీవారు గుణకానికి తాళం వేశారు కానీ, రెండో సంఖ్య బోర్డు చేతిలో ఉంది. క్వేక్ 2, అన్‌రియల్, ఆ ఏడాది చివర్లో వచ్చిన హాఫ్-లైఫ్ ఆడేవాళ్ళకు ఈ గుణకారం గాయత్రీ మంత్రమైపోయింది.

ఈ అవకాశాన్ని ముందుగా పట్టుకున్న వాటిలో తైవాన్‌కు చెందిన ఏబిట్ వారి బిహెచ్6 బోర్డు ఒకటి. అంతకుముందు వేగం మార్చాలంటే పెట్టె విప్పి, టార్చిలైటు నోట కరచుకుని, గోటికన్నా చిన్నవైన జంపర్లను పీకి పెట్టాల్సి వచ్చేది. ఏబిట్ ఆ పనిని 'సాఫ్ట్‌మెనూ' పేరుతో బయోస్‌లోకి తెచ్చింది. తెరమీద బాణం మీటలు నొక్కితే చాలు. అంతకన్నా ముఖ్యమైనది, ప్రాసెసరుకు అందే వోల్టేజీని కూడా అక్కడే పెంచుకోవచ్చు. 300ఎకు నిర్ణయించిన వోల్టేజీ 2.0. కొన్ని 450 దగ్గర 2.0తోనే నడిచేవి, కొన్నిటికి 2.2 కావలసి వచ్చేది. ఆ 0.2 వోల్టు విలువ ఎంతో నేను డబ్బు రూపంలో కాక మరో రూపంలో తెలుసుకున్నాను.

1999లో నా మొదటి ఉద్యోగం. సికింద్రాబాదు పార్క్‌లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంగళ్ళలో రెండు శనివారాలు తిరిగి కంప్యూటరు కట్టించాను. సెలెరాన్ 300ఎ కొన్నాను. బోర్డు దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి లాగాను. అదే బిఎక్స్ చిప్‌సెట్ ఉన్న మరో బోర్డు ఇంకా తక్కువకు దొరికింది; దానిమీద జంపర్లే గతి, వోల్టేజీ మార్చే వీలు లేదు. కంపెనీ పేరు అనవసరం. ఆ బోర్డు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. చెప్పకూడని పని చెప్పినవాణ్ణి నేను.

100 దగ్గర పెడితే విండోస్ సగంలో ఆగిపోయేది. నాకు అందిన చిప్పు మంచిది కాదని తీర్మానించుకుని, మధ్యేమార్గంగా 83 దగ్గర పెట్టాను. 375 మెగాహెర్ట్జ్. ఆటలు హాయిగా నడిచాయి. 100 కన్నా 83 తక్కువ కదా, తక్కువైతే క్షేమం కదా అనుకున్నాను. తప్పు. పిసిఐ అనే పిల్లదారి ఈ రహదారినుంచే చీలుతుంది; దాని న్యాయమైన వేగం 33. రహదారి 66 ఉంటే రెండుతో భాగిస్తారు, 100 ఉంటే మూడుతో. రెండు చోట్లా 33 వస్తుంది. 83 దగ్గర మాత్రం భాజకం ఇంకా రెండే, అంటే పిసిఐ 41కి పైన పరుగెడుతుంది. హార్డుడిస్కును నడిపే కంట్రోలరు ఆ దారిమీదే ఉంది. ప్రాసెసరుకు 83 విశ్రాంతి, డిస్కుకు అది శిక్ష. 100 కన్నా 83 ప్రమాదకరమన్న ఈ తలకిందుల లెక్క నాకు అప్పుడు తెలియదు.

నాన్నగారు దివిసీమలో బడిపంతులుగా చేశారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్ళారా చూసినవారు. ఉద్యోగ విరమణ తర్వాత నా దగ్గరకు వచ్చినప్పుడు, అదే కంప్యూటరుమీద ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ ఆ రోజుల సంగతులు రాయడం మొదలుపెట్టారు. ఫాంటు మారితే చదవరాని పిచ్చి అక్షరాలుగా మారిపోయే ఆనాటి తెలుగులోనే. అరవై పేజీలు దాటాక ఒకనాటి ఉదయం ఆ దస్త్రం తెరుచుకోలేదు. తర్వాత రోజుల్లో డిస్కుమీద మరికొన్ని దస్త్రాలూ అలాగే పాడయ్యాయి. నకలు తీసిపెట్టలేదు. నాన్నగారు ఏమీ అనలేదు. "మిషను కదరా, అలాగే ఉంటుంది," అన్నారు. మిషను చేసింది కాదని చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఆ సంక్రాంతి సెలవుల్లో ఒక మిత్రుడి బిహెచ్6లో నా సెలెరాన్ పెట్టి చూశాము. 100 దగ్గర, 2.2 వోల్టులతో. తెల్లవార్లూ హాఫ్-లైఫ్ నడిచింది, ఒక్కసారీ ఆగలేదు. చిప్పు మంచిదే! చెడ్డదని తీర్పు చెప్పింది నేను, చాలని బోర్డుమీద పెట్టి చూసి. రెండు బోర్డుల ధరలో తేడా ఆనాటి నా జీతంలో నాలుగు రోజుల కూలి కూడా కాదు.

మిగతా చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1999లో ఏబిట్ బిపి6 అని రెండు సెలెరాన్లు పక్కపక్కన పట్టే బోర్డు తెచ్చింది. విండోస్ 98 అందులో ఒక్కదాన్నే గుర్తించేది కనుక ఎన్‌టి, లినక్స్ వాడేవారే దాన్ని ఎక్కువ మెచ్చారు. ఖరీదైన రాంబస్ జ్ఞాపకశక్తితో ఇంటెల్ తెచ్చిన 820 చిప్‌సెట్ తడబడింది. మామూలు జ్ఞాపకశక్తితో దాన్ని అతికించే భాగంలో లోపం బయటపడి 2000 మేలో ఆ బోర్డులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ముసలి బిఎక్స్ మాత్రం నడుస్తూనే ఉంది. ఆ తర్వాత కెపాసిటర్లు ఉబ్బి కారిపోయే తెగులు ఎన్నో కంపెనీల బోర్డులకు పట్టింది, ఏబిట్‌కూ తప్పలేదు. 2008 చివరికి ఆ కంపెనీ బోర్డుల వ్యాపారమే మానేసింది.

అన్నయ్య కొడుక్కి ఏం చెప్పానంటే, బోర్డు మెరుపులు చూడకు, ప్రాసెసరుకు విద్యుత్తును మలిచి ఇచ్చే భాగమూ దానిమీది లోహపు తొడుగూ ఎలా ఉన్నాయో చూడు, బయోస్ ఎన్నేళ్ళు సరిదిద్దుతూ వచ్చారో చూడు అని. ఉదాహరణకు ఎఎమ్‌డి వారి ఎఎమ్4 బోర్డులు చెప్పాను. 2017లో కొన్న మధ్యరకం బి350 బోర్డులు కొన్ని, కొత్త బయోస్ ఎక్కించాక, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డిని పట్టాయి. చిత్రమేమిటంటే దాని గుణకానికీ తాళమే. ఆటల్లో దాని బలం చిప్పుమీద పేర్చిన కాష్‌లోనే ఉంది. 300ఎ మనవడిలా అనిపిస్తుంది నాకు.

వాడు అన్నీ విని, "వేగం పెంచనులే బాబాయ్, ఆడుకుంటే చాలు," అన్నాడు.

నాన్నగారు ఉప్పెన సంగతులు మళ్ళీ రాశారు, ఈసారి నోటుపుస్తకంలో, సిరా కలంతో. నలభై పేజీలే వచ్చాయి. మిగతావి గుర్తు రావడం లేదన్నారు.