మన బడి ఎవరి చేతిలో నున్నది?

బసంత్‌నగర్ అనగానే సిమెంటు కర్మాగారమును, రామగుండము అనగానే బొగ్గు గనులను తలంచుదుము. మన పిల్లల సర్కారు బడి ఎట్లు నడచుచున్నదో మనలో అనేకులము ఎరుగము.

1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. ప్రాథమిక పాఠశాలలు సమితికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుకు అప్పగింపబడెను. 1986 నాటి చట్టముతో సమితుల స్థానమున మండల పరిషత్తులు వచ్చినవి. బోర్డుపై పరిషత్తు పేరున్నను, ఉపాధ్యాయుల జీతములు రాష్ట్ర ఖజానా నుండియే వచ్చును. 2015 నాటి సవరణతో, గనుల రాయల్టీకి తోడుగా కొంత సొమ్ము జిల్లా ఖనిజ నిధికి చేరవలెనను నియమము వచ్చినది. ఆ నిధి ముఖ్య పద్దులలో విద్య యొకటి. భూగర్భమున మనవారు చిందించిన చెమటలో బడికిని పాలున్నదన్నమాట.

మరి అడుగువారెవరు? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులు, సగము మంది స్త్రీలు ఉండవలెను. బడి అభివృద్ధి ప్రణాళిక వ్రాయుట, వచ్చిన సొమ్ము వినియోగమును చూచుట వారి పని.

మేమును ఒకసారి అట్టి సమావేశమునకు పోయి, లెక్కలు చదువకయే సంతకము చేసి వచ్చితిమి. వానకాలమున తరగతి గది కారినప్పుడు గాని మా తప్పు మాకు తెలియలేదు. తల్లులారా, తండ్రులారా, ఆ కుర్చీలను ఖాళీగా విడువకుడి. చదివిన పిమ్మటనే సంతకము చేయుడి.