నగరాలలో విపత్తు సహాయం: వార్డు నుంచి కేంద్రం వరకు బాధ్యతల క్రమం

(ప్రత్యేక వ్యాసం)

నగరంలో వరద గాని, తుపాను గాని సంభవించినప్పుడు బాధితుల వద్దకు మొదట చేరవలసినది స్థానిక యంత్రాంగమే. జిల్లా, రాష్ట్ర, కేంద్ర స్థాయిల సహాయం ఒకదాని వెనుక ఒకటిగా దానికి తోడవుతుంది. ఏ పని ఎవరి బాధ్యతో తెలియనిచోట తొలి గంటలు వృథా అవుతాయి. బాధితుని విన్నపం ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి తిరుగుతూనే ఉంటుంది. పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యవస్థ స్వరూపాన్ని విజయవాడ వరద అనుభవం ఆధారంగా ఇక్కడ వివరించడమైనది.

బుడమేరు అనుభవం

మైలవరం ప్రాంతపు కొండలలో పుట్టిన బుడమేరు కొల్లేరు సరస్సులో కలుస్తుంది. వరద వేళ ఆ నీటిని వెలగలేరు రెగ్యులేటర్ వద్ద మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణా నదిలోకి పంపుతారు. నది నిండుగా ప్రవహిస్తున్న సమయంలో కాలువ నీరు అందులో చేరడం కష్టమవుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి ఈ రెండు వరదలు ఏకకాలంలో వచ్చాయి. కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక స్థాయి 3.97 లక్షల క్యూసెక్కులు, రెండవది 5.69 లక్షల క్యూసెక్కులు.

మేడపై చిక్కుకున్న కుటుంబానికి పడవ, తాగునీరు, ఆహారం, ఔషధాలు ఒకే పూట కావలసి వచ్చాయి. పడవలు వెళ్లలేని సందులలోకి డ్రోన్ల ద్వారా ఆహార పొట్లాలు చేరవేశారు. రాష్ట్ర, కేంద్ర విపత్తు దళాలు, సైన్యం, వైమానిక దళ హెలికాప్టర్లు సేవలందించాయి. గండ్లను పూడ్చే పనిలో జలవనరుల శాఖకు సైనిక ఇంజనీర్లు తోడ్పడ్డారు.

చట్టం ఏమి చెబుతున్నది

విపత్తుల నిర్వహణ చట్టం, 2005 మూడు అంచెల వ్యవస్థను ఏర్పరచింది. జాతీయ సంస్థకు ప్రధానమంత్రి, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు. 34వ సెక్షన్ ప్రకారం జిల్లా సంస్థ వాహనాల రాకపోకలను నియంత్రించవచ్చును; ప్రమాద ప్రాంతంలోకి ప్రవేశాన్ని నిరోధించవచ్చును; శిథిలాలను తొలగించి, చిక్కుకున్నవారిని వెలికి తీయించవచ్చును. 41వ సెక్షన్ నగర పాలక సంస్థల వంటి స్థానిక సంస్థల విధులను నిర్దేశించింది. సిబ్బందికి శిక్షణ, పరికరాల సంసిద్ధత, సహాయ పునరావాస కార్యక్రమాల నిర్వహణ వీటిలో ముఖ్యమైనవి.

2025 సవరణ చట్టం రాష్ట్ర రాజధానులకు, నగర పాలక సంస్థలు గల నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలను ఏర్పాటు చేసే అవకాశం కల్పించింది. మున్సిపల్ కమిషనర్ దీనికి అధ్యక్షులు, కలెక్టర్ ఉపాధ్యక్షులు. మురుగు కాలువలు, ఆక్రమణలు, భవన అనుమతులు కమిషనర్ పరిధిలో ఉండగా, అత్యవసర అధికారాలు కలెక్టర్ వద్ద ఉండటం వల్ల కలిగే అంతరాన్ని తగ్గించడానికి ఈ ఏర్పాటు ఉపకరిస్తుంది.

కేంద్రం పాత్ర

సహాయ చర్యల ప్రాథమిక బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే. కేంద్రం హెచ్చరికలు, బలగాలు, నిధుల రూపంలో దానికి తోడ్పడుతుంది. భారత వాతావరణ శాఖ వర్ష సూచనలను, కేంద్ర జల సంఘం నదుల వరద అంచనాలను అందిస్తాయి. 2006లో 8 బెటాలియన్లతో ఏర్పాటైన జాతీయ విపత్తు స్పందన దళానికి నేడు 16 బెటాలియన్లు ఉన్నాయి. ఇందులో 10వ బెటాలియన్ కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉన్నది.

నిధుల విషయంలో రెండు ఖాతాలను వేరుగా చూడవలసి ఉంటుంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధికి 2021-26 కాలంలో ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలలో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూర్చాయి. ఈ నిధి చాలనంత తీవ్ర విపత్తు సంభవించినప్పుడు జాతీయ నిధి నుంచి అదనపు సహాయం కోరవచ్చును. రాష్ట్రం నివేదిక పంపిన మీదట అంతర మంత్రిత్వ శాఖల కేంద్ర బృందం పర్యటిస్తుంది; కేంద్ర హోం మంత్రి అధ్యక్షతన గల ఉన్నతస్థాయి కమిటీ మొత్తాన్ని ఖరారు చేస్తుంది. 2024 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు విడుదలకు ఆమోదం పొందిన రూ.1,036 కోట్లు రాష్ట్ర నిధిలోని కేంద్ర వాటాయే గాని, జాతీయ నిధి నుంచి లభించిన అదనపు సహాయం కాదు. వార్తలలో ఈ తేడా తరచుగా మరుగున పడుతున్నది.

బాధితునికి అందేది

స్పందన నిధి నుంచి లభించేది తక్షణ ఉపశమనం. అది నష్టానికి పూర్తి పరిహారం కాదు. 2022-26 ప్రమాణాల ప్రకారం మృతుని కుటుంబానికి రూ.4 లక్షలు, రెండు రోజులకు మించి తీవ్రంగా మునిగిన ఇంటికి దుస్తుల నిమిత్తం రూ.2,500, సామగ్రి నిమిత్తం మరో రూ.2,500 నిర్ణయించారు. విజయవాడలో మునిగిన ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం కింది అంతస్తు వారికి రూ.25,000, పై అంతస్తుల వారికి రూ.10,000 ప్రకటించింది. ప్రమాణాలకు మించిన మొత్తాన్ని రాష్ట్రం తన సొంత వనరుల నుంచి భరించవలసి ఉంటుంది.

సహాయం అందడమనేది నష్ట గణనపై ఆధారపడి ఉంటుంది. ఇంటి యజమాని పేరు నమోదై అద్దెదారు పేరు జారిపోతే, నిజంగా నష్టపోయిన కుటుంబానికి సహాయం అందదు. గణన సిబ్బంది వచ్చినప్పుడు తాళం వేసి ఉన్న ఇంటిని ఖాళీ ఇంటిగా భావించరాదు. ఆ కుటుంబం సహాయ శిబిరంలో ఉండవచ్చును. అందువల్ల జాబితాలను వార్డులో బహిరంగంగా ప్రదర్శించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, తిరిగి పరిశీలించడం గణనలో విడదీయరాని భాగం కావాలి. తప్పుడు వివరాలతో సహాయం పొందితే 52వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును.

పాత్రికేయులకు సూచనలు

వాతావరణ హెచ్చరికలలో పసుపు రంగు గమనిస్తూ ఉండాలని, నారింజ రంగు సిద్ధంగా ఉండాలని, ఎరుపు రంగు చర్య తీసుకోవాలని సూచిస్తాయి. వర్షపాత వివరాలను వాతావరణ శాఖ నుంచి, నదీ ప్రవాహ వివరాలను జలవనరుల శాఖ నుంచి, మృతుల, ఇళ్ల నష్టం వివరాలను కలెక్టర్ కార్యాలయం నుంచి ధ్రువీకరించుకోవడం శ్రేయస్కరం. ప్రవాహాన్ని ప్రకటించేటప్పుడు సమయాన్ని కూడా పేర్కొనాలి. వరద వేళ ఉదయపు అంకె సాయంత్రానికి చెల్లదు. ప్రజలను భయభ్రాంతులకు గురిచేసే తప్పుడు హెచ్చరికలు 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్షకు గాని, జరిమానాకు గాని దారితీస్తాయి.

ప్రజలు అత్యవసర సహాయానికి 112, అగ్నిమాపక సేవలకు 101, అంబులెన్సుకు 108, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్‌కు 1070 నంబర్లను ఉపయోగించుకోవచ్చును. ఫోన్ చేసినవారు వీధి పేరుతో పాటు దగ్గరి గుర్తు, ఇంటిలోని వ్యక్తుల సంఖ్య, వారిలోని వృద్ధులు, గర్భిణులు, రోగుల వివరాలు తెలిపితే సహాయక సిబ్బంది పడవను ముందుగా ఎక్కడికి పంపవలెనో నిర్ణయించగలుగుతారు.