పొడవాటి ఇంగ్లీషు మాటను విరిచే విద్య

తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో సైన్సు సంస్థల బోర్డుల మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలుంటాయి. ఎన్‌జీఆర్‌ఐ పేరులో జియోఫిజికల్. సీసీఎంబీ పేరులో సెల్యులర్, మొలెక్యులర్, బయాలజీ. నాచారం పారిశ్రామికవాడకు వెళ్తే ఫార్మాస్యూటికల్ ఎదురవుతుంది. ఇలాంటి మాటను ముక్కలు చేసి చదవమంటారు టీచర్లు. ఈ పద్ధతి చాలా పాతది.

1596లో ఎడ్మండ్ కూట్ అనే ఇంగ్లండ్ బడిపంతులు రాసిన వాచకంలోనే మాటను సిలబుల్స్‌గా, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలుగా, విడదీసే పాఠాలున్నాయి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఏ సిలబుల్‌ను ఊని పలకాలో గుర్తు పెట్టి చూపాడు. ఎక్కడ విరవాలన్న పేచీ మాత్రం మిగిలింది. అప్పట్లో బడుల్లో వాడిన డిల్‌వర్త్ ఇంగ్లీషు వాచకం ‘క్లు-స్టర్’ అని విరిస్తే, 1783లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ ‘క్లస్-టర్’ అన్నాడు. చెవికి వినిపించినట్టే విరవాలన్నది ఆయన పట్టు.

మన దగ్గర ఈ విద్యకు శాస్త్రీయమైన పునాది తార్నాక పక్కనే పడింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైంది. తర్వాత సీఐఈఎఫ్‌ఎల్ అయింది, నేడు ఇఫ్లూ. అక్కడ ధ్వనిశాస్త్రం బోధించిన ఆర్.కె. బన్సల్, భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించి 1969లో గ్రంథం ప్రచురించారు. ఊనిక, అంటే నొక్కి పలికే బరువు, తప్పుచోట పడటం అర్థంకాకపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటని చూపారు. 1972లో జె.బి. హారిసన్‌తో కలిసి భారతీయుల కోసం ఉచ్చారణ పాఠ్యగ్రంథం రాశారు.

పై బోర్డుల మాటలనే విరిచి చూడండి. జి-యో-ఫి-జి-కల్‌లో ఊనిక ‘ఫి’ మీద. ఫార్-మ-స్యూ-టి-కల్‌లో ‘స్యూ’ మీద. మొ-లె-క్యు-లర్‌లో ‘లె’, సె-ల్యు-లర్‌లో ‘సె’, బై-ఆ-ల-జీలో ‘ఆ’. అయిదింటిలోనూ చివరి నుంచి లెక్కిస్తే మూడో సిలబుల్! మాట చివర చేరిన ప్రత్యయమే ఇక్కడ ఊనిక చోటును నిర్ణయిస్తోంది. అందుకే మాలిక్యూల్ అన్నప్పుడు మొదటి సిలబుల్ మీదున్న ఊనిక, మొలెక్యులర్ అనగానే రెండోదానికి జరుగుతుంది.

అర్థం కోసం విరిచే చోటు వేరు. బయాలజీలో ‘బయో’ అంటే జీవం, ‘లజీ’ అంటే శాస్త్రం. నోటికి మాత్రం ఆ మాట ‘ఆ’ దగ్గర బరువెక్కుతుంది. ఒక విరుపు అర్థాన్నిస్తే, మరొకటి ఉచ్చారణనిస్తుంది. పిల్లలకు రెండూ విడివిడిగా నేర్పాలి.

పద్యానికి గణవిభజన చేసే తెలుగు విద్యార్థికి సిలబుల్ లెక్క కొత్తేమీ కాదు. గురులఘువులు గుర్తించిన చెవి అది. అతనికి కొత్తది ఊనిక ఒక్కటే. తెలుగులో అచ్చులను సాధారణంగా పూర్తిగానే పలుకుతాం. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చు చాలాసార్లు కుదించుకుపోతుంది. కనుక స్పెల్లింగు బట్టీ పట్టించేముందు మాటను విరిపించి, బరువు ఎక్కడుందో చేత్తో తట్టి చెప్పించాలి. తెలుగు మాస్టారు, ఇంగ్లీషు టీచరు కలిసి ఈ ఒక్క పాఠం చెప్పినా, నిఘంటువులోని ఏ పెద్ద మాటకూ పిల్లలు వెనకాడరు.