చదరంగపు సుల్తాను: మీర్ సుల్తాన్ ఖాన్ సంస్మరణ

సంస్కృతంలోని చతురంగ శబ్దమే మన నోట చదరంగమైంది. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాలు గల సేన అని దాని అర్థం. ఈ ఆట పుట్టిన నేల మనదేనని చెప్పుకోవడం మనకు పరిపాటి. ఆ నేల నుండి బయలుదేరి ఐరోపా ఉద్దండులను వారి గడ్డ మీదే ఓడించిన మేటి ఎవరని అడిగితే, విశ్వనాథన్ ఆనంద్ పేరు చెప్పేవారే ఎక్కువ. తప్పు లేదు. కాని ఆనంద్ పుట్టడానికి మూడేళ్ళ ముందే, 1966 ఏప్రిల్ 25న, పాకిస్తాన్‌లోని సర్గోధాలో మరొక మహా ఆటగాడు కన్నుమూశాడు. ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. ఆయనను ఒకసారి తలచుకోవడమే ఈ వ్యాసోద్దేశం.

అవిభక్త పంజాబులోని మిఠా టివానా ఆయన స్వగ్రామం. తొమ్మిదేళ్ళ ప్రాయంలో తండ్రి వద్ద ఆట నేర్చుకున్నాడు. అది మన దేశీయ పద్ధతి చదరంగం. అందులో బంటు తొలి ఎత్తున రెండు గళ్ళు నడవదు. రాజుకు కోట కట్టుకొనే ఎత్తు లేదు. బదులుగా ఆటలో ఒక్కసారి గుర్రపు నడక నడిచే హక్కుంది. సేనలు తాకడానికి చాలా ఎత్తులు పడతాయి కాబట్టి ఆట నింపాదిగా సాగుతుంది. ఓర్పు, దూరపు చూపు ఉన్నవాడిదే గెలుపు. సుల్తాన్ ఖాన్ ఆటకు పునాది ఇదే.

ఇరవయ్యో ఏడు దాటేసరికి పంజాబులో ఆయనకు ఎదురులేదు. టివానా వంశపు జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయనను చేరదీసి ఐరోపా నియమాలు నేర్పించాడు. 1928లో జరిగిన అఖిల భారత పోటీలో తొమ్మిది ఆటలకుగాను అర పాయింటు మాత్రమే కోల్పోయి విజేతగా నిలిచాడు. మరుసటి ఏడు సర్ ఉమర్ లండన్ వెళుతూ ఆయనను వెంట తీసుకువెళ్ళాడు. 1929 వేసవిలో రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్‌ను సుల్తాన్ ఖాన్ గెలిచాడు. తిరిగి 1932లో, 1933లో కూడా ఆ బిరుదు ఆయనదే. మనల్ని పాలిస్తున్న దేశపు ఛాంపియన్ ఒక పంజాబు పల్లెవాసి!

ఆయన ఎదుర్కొన్న కష్టాలు తక్కువవి కావు. ఐరోపా ఆటగాళ్ళు చిన్ననాటి నుండి పుస్తకాలలో చదివి కంఠస్థం చేసిన ప్రారంభపు ఎత్తులు ఆయనకు తెలియవు. తొలి పది పన్నెండు ఎత్తులలో తరచు వెనుకబడేవాడు. మధ్యలో తేరుకొని, పావులు తగ్గేకొద్దీ విజృంభించేవాడు. ఇక ఆంగ్లదేశపు చలి సరేసరి. మలేరియా, జలుబు, గొంతునొప్పి ఆయనను వదలలేదు. గొంతుకు గుడ్డ చుట్టుకొని బల్ల ముందు కూర్చున్న రోజులున్నాయి.

అయినా ఆయన ఓడించినవారి పేర్లు చూడండి. 1930-31 హేస్టింగ్స్ పోటీలో ఎదుటివాడు కాపబ్లాంకా. 1921 నుండి 1927 వరకు ప్రపంచ విజేత. ఓటమి ఎరుగనివాడని పేరు మోసినవాడు. ఆ ఆటలో ఆయన తన రెండు ఏనుగులను ఇచ్చి మంత్రిని పుచ్చుకోవలసి వచ్చింది. సుల్తాన్ ఖాన్ తొందరపడలేదు. కొద్దికొద్దిగా బిగిస్తూ 65 ఎత్తులలో ఆట ముగించాడు. ఆయనది అసాధారణ ప్రతిభ అని తరువాత కాపబ్లాంకాయే రాశాడు. 1931లో టార్టకోవర్‌తో పన్నెండు ఆటల పందెంలో స్వల్ప తేడాతో గెలుపు. అదే ఏడు ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండు జట్టుకు మొదటి బల్లపై ఆడి రూబిన్‌స్టైన్‌నూ, ఫ్లోర్‌నూ ఓడించాడు; నాటి ప్రపంచ విజేత అలెఖిన్‌తో సమంగా నిలిచాడు.

1933 డిసెంబరులో సర్ ఉమర్ స్వదేశానికి మరలగా సుల్తాన్ ఖాన్ కూడా వచ్చేశాడు. 1935లో ఖాడిల్కర్‌తో పది ఆటలాడి తొమ్మిది గెలిచి, ఒకటి డ్రా చేశాడు. ఆపై పెద్ద పోటీలలో ఆయన పేరు వినబడదు. ఊరిలో సేద్యం చూసుకుంటూ మిగిలిన జీవితం గడిపాడు. పిల్లలకు ఆట నేర్పలేదట. అంతకంటే పనికివచ్చేది చేయండని చెప్పేవాడని ఆయన కుమారుడు గుర్తుచేసుకున్నాడు. ఆ మాట వెనుక ఉన్నది విరక్తియో, వివేకమో, చదువరులే ఊహించుకోవాలి.

1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య తొలిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదులిచ్చింది. ఆ 27 మందిలో ఆనాటికి వయసు మళ్ళి ఆట తగ్గినవారూ ఉన్నారు. గత ఘనతకు గౌరవమన్నమాట. రూబిన్‌స్టైన్ ఉన్నాడు, టార్టకోవర్ ఉన్నాడు, ఫ్లోర్ ఉన్నాడు. వారిని గెలిచిన సుల్తాన్ ఖాన్ లేడు. అప్పటికి ఆయన సజీవుడే. అడిగేవారు లేరు, చెప్పేవారు లేరు. చివరకు 2024 ఫిబ్రవరిలో సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదును ప్రకటించింది. మరణించి అప్పటికి 57 ఏళ్ళు దాటాయి.

బిరుదు సంగతి అలా ఉంచండి. ఆయన పేరుకు తగిలించిన విశేషణాల సంగతి మరీ బాధాకరం. 'నౌకరు', 'నిరక్షరాస్యుడు' అన్న మాటలు లేకుండా ఆయన గురించి రాసినవారు అరుదు. 1933లో సర్ ఉమర్ ఇంట విందుకు వెళ్ళినప్పుడు సుల్తాన్ ఖానే తమకు వడ్డించాడని అమెరికా ఆటగాడు రూబెన్ ఫైన్ రాసిన ముచ్చట పుస్తకం నుండి పుస్తకానికి పాకింది. 2020లో ఆంగ్లంలో ఆయన జీవితచరిత్ర వెలువడిన తరువాత, ఈ చిత్రణ సరికాదని, తమది భూములున్న గౌరవకుటుంబమని, ఆయన చదువురానివాడు కాడని మనుమరాలు వాదించింది. వంశీకుల మాటను తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఏళ్ళ తరబడి పలకా బలపాల నడుమ బతికినవాణ్ణి కనుక ఒక్క మాట చెప్పగలను. అక్షరం వేరు, విద్య వేరు. ఆంగ్ల గ్రంథాలు చదవకపోవడమే చదువులేమి అయితే, ఆ గ్రంథాలు రాసినవారు ఆయన ముందు తల వంచడం ఎలా జరిగింది? పరాయివాడు మనవాణ్ణి చూసి ఆశ్చర్యపడి రాసిన కథను మనం యథాతథంగా వల్లించరాదు. ఆటగాడిని ఆట చేతనే కొలవాలి.

అదృష్టవశాత్తు ఆ ఆటల ఎత్తులు భద్రంగా ఉన్నాయి. ఇంట్లో చదరంగపు బల్ల ఉన్నవారు కాపబ్లాంకాతో ఆడిన ఆ 65 ఎత్తులను ఒకసారి పేర్చి చూడండి. పిల్లల చేత పేర్పించండి. ఆ మహనీయునికి మనం చేయగల నివాళి అదే.

స్వస్తి.